బ్యాటరీ ఒక్కపొద్దు

మనిషి ప్రాణం గాలిలో దీపమని పెద్దలు ఎప్పుడో చెప్పి ఊరుకున్నారు గానీ, ల్యాప్‌టాప్ బ్యాటరీ ప్రాణాన్ని అట్లా గాలికి వదిలేయడానికి వీల్లేదని ఉపకరణ సంక్షేమ సంస్థ తన నూట పద్దెనిమిదో ఉత్తర్వులో తేల్చి చెప్పింది. ఉత్తర్వు పదకొండు పేజీలు. అందులో బ్యాటరీ అన్న మాట ప్రతి వాక్యంలోనూ ఉంది. దాన్ని వాడే మనిషి ప్రస్తావన ఒక్కచోటే వచ్చింది, అది శిక్షల పేజీ.

ఆ ఉత్తర్వు లక్సెట్టిపేట అవతల గోదావరి ఒడ్డు పల్లెలో ఉండే కిష్టవ్వ ఇంటికి ఏప్రిల్ నెల మొదటి మంగళవారం పొద్దున చేరింది. కాగితమై రాలేదు, మనవరాలు సృజన ఫోనులో టింగుమని మోగి వచ్చింది. ఆ సమయానికి కిష్టవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె చదువు రెండో తరగతిలో సగం (మిగతా సగం పంతులుకు చలిజ్వరం వచ్చి ఆగిపోయింది). జ్ఞాపకానికి మాత్రం అట్లాంటి అడ్డమేమీ రాలేదు. ఏ ఏడు గోదావరి ఎవరి గడపను తాకి పోయిందో, ఎవరి పెళ్లిలో ఎవరు ఏ కూరకు అలిగి విస్తరి ముందు నుంచి లేచారో ఆమెకు తేదీలతో సహా గుర్తు. అడిగినా చెబుతుంది, అడగకున్నా చెబుతుంది.

సృజన ఆ ఊరి సమాచార సేవకురాలు. తండ్రి దుబాయిలో, తల్లి పొద్దంతా పత్తిచేలో. ఇంటి ముందు గదిలో బల్ల మీద సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి. ఊళ్లో ఎవరికి పింఛను రావాలన్నా, ఎవరి పేరు రేషన్ కార్డులోకి ఎక్కాలన్నా, చనిపోయిన వాళ్లు చనిపోయారని సర్కారు నమ్మాలన్నా ఆ ల్యాప్‌టాప్ ముందుకు రావలసిందే. కొలువు పదకొండు నెలల ఒప్పందం. పదకొండు నెలలు నిండగానే అది చచ్చి మళ్లీ పుడుతుంది (పన్నెండో నెల దాటనిస్తే పర్మినెంటు అనే అంటువ్యాధి సోకుతుందని సంస్థ భయం). ఈసారి ఒప్పందం ఏప్రిల్ ముప్పైన చచ్చేది ఉంది. మళ్లీ పుట్టాలంటే బ్యాటరీకి క్రమాంకన ధ్రువపత్రం జతచేయాలి.

క్రమాంకనం అంటే ఏమిటో ఉత్తర్వు వివరించలేదు. ఎందుకో మాత్రం వివరించింది. బ్యాటరీ ఆరోగ్యం ఎనభై శాతం కన్నా తక్కువ చూపితే ఉద్యోగి దాన్ని అరిగించినట్టు. తొంభై అయిదు కన్నా ఎక్కువ చూపితే ఉద్యోగి పనిచేయనట్టు. ఈ రెంటి మధ్య చూపితే ఉద్యోగి అంకెలు దిద్దినట్టు అనుమానం. సృజన బ్యాటరీ అరవై ఒకటి చూపిస్తోంది. ఆ అరవై ఒకటి నిజమా, లేక బ్యాటరీ తన గురించి తాను తప్పుగా అనుకుంటోందా అన్నది క్రమాంకనం చేస్తే గానీ తేలదట. మూడు అవకాశాలు ఇచ్చారు. మూడూ తప్పితే ల్యాప్‌టాప్ వాపసు, కొలువు వాపసు.

కిష్టవ్వకు శాతాలు తెలియవు గానీ వాపసు అన్న మాట తెలుసు. యాభై ఏళ్లుగా ఆమె ఒళ్లో ఉన్న చాట ఒకప్పుడు ఆమె అత్త ఒళ్లోది. తన తర్వాత కోడలి ఒళ్లోకి పోకుండా ఆపలేకపోయింది. చేను పని లేని దినాల్లో కోడలు ఇప్పటికీ చుడుతుంది. మనవరాలి ఒళ్లోకి మాత్రం అది రానివ్వనని సృజన డిగ్రీ పాసైన నాడే కిష్టవ్వ ఇంటిల్లిపాదికీ చెప్పేసింది. ఆ ల్యాప్‌టాప్ సృజన మోకాళ్ల మీద కనిపించిన ప్రతిసారీ ఆమెకు కడుపు చల్లబడుతుంది. ఒళ్లో చోటు ఒక్కటే కదా, అది ఉంటే ఇది రాదు.

సృజన పద్ధతి చదివి చెప్పింది. ముందు బ్యాటరీని నూరు దాకా నింపాలి. రెండు గంటలు అట్లాగే కూర్చోబెట్టాలి. తర్వాత తీగ పీకి, అయిదుకు దిగేదాకా ఏమీ పెట్టకుండా వాడాలి. అయిదుకు దిగాక ఆపేసి అయిదు గంటలు పడుకోబెట్టాలి. చివరికి తీగ పెట్టి, మధ్యలో ఒక్క క్షణం తెగకుండా మళ్లీ నూరు దాకా నింపాలి.

కిష్టవ్వ బీడీ ముడి బిగించి తల ఊపింది.

"గిది ఒక్కపొద్దే గద బిడ్డా. కడుపునిండ తినుడు, జరసేపు ఒరుగుడు, మల్ల మాపటిదాంక ఏం ముట్టకుంట ఉండుడు, దీపాలు పెట్టినంక ఇడుసుడు. గింతదానికి పదకొండు పేజీలా?"

ఆ విధంగా సంస్థలోని ఇంజనీర్లకు ఎనిమిది నెలలు పట్టిన సంగతి కిష్టవ్వకు అరకట్ట బీడీలు చుట్టేలోపు అర్థమైంది.

మొదటి ఒక్కపొద్దు శుక్రవారం పెట్టుకున్నారు (శుక్రవారమే ఎందుకని సంస్థ అడగలేదు, అడిగితే చెప్పడానికి కిష్టవ్వ సిద్ధంగా ఉంది). బ్యాటరీ నిండింది, కూర్చుంది, పొద్దంతా పనిచేసి ఏడు దాకా దిగింది. పడుకునే వేళకు చిక్కు వచ్చింది. ఆపేసి అయిదు గంటలు ఉంచాలన్నది పదిహేడో నిబంధన. ఆ అయిదు గంటల్లో గంటకోసారి ల్యాప్‌టాప్ కెమెరాతోనే ఒక సజీవ ఛాయాచిత్రం తీసి పంపాలన్నది పద్దెనిమిదో నిబంధన. ఆపేసినది ఫోటో ఎట్లా తీస్తుందని సృజన సహాయ కేంద్రానికి ఫోను చేసింది. వాళ్లు మర్యాదగానే చెప్పారు. పదిహేడు రాసింది విశ్రాంతి విభాగం, వాళ్లు మేడ మీద ఉంటారు. పద్దెనిమిది రాసింది ఛాయాచిత్ర విభాగం, వాళ్లు కింద ఉంటారు. మెట్లు మరమ్మతులో ఉన్నాయి.

సృజన తల పట్టుకుని కూర్చుంటే కిష్టవ్వ గోడ మీది గడియారం దింపింది. అయిదుకు దిగడానికి ఇంకా రెండు శాతం ఉండగానే అయిదు ఫోటోలు ఒకదాని వెంట ఒకటి తీశారు. ఒక్కో ఫోటోకు కిష్టవ్వ గడియారం ముల్లు ఒక గంట ముందుకు తిప్పి గుండెలకు ఆనించి పట్టుకుంది. మూడో ఫోటోకు కొంగు తల మీదికి లాక్కుంది, పొద్దు పోయినట్టు కనిపించాలని. అయిదింటినీ సంస్థ ఆమోదించింది. సమయపాలన ఆదర్శప్రాయంగా ఉన్నదని ఒక నక్షత్రం కూడా వేసింది.

అంతా బాగానే ఉండేది. కడపటి నింపుడులో, తొంభై ఏడు మీద, గాలిదుమారం లేచి వేపకొమ్మ తీగల మీద పడింది. కరెంటు పోయింది. మూడు శాతానికి మొదటి అవకాశం పోయింది.

సంస్థ యాప్‌లో భంగానికి కారణం చెప్పమని ఒక పట్టిక ఇచ్చారు. యుద్ధం, భూకంపం, వరద, ఉద్యోగి మరణం. కరెంటు పోవడం అందులో లేదు, సంస్థ దాన్ని గుర్తించదు. తాను కళ్లారా చూసినది వరదే కనుక వరద పెట్టమని కిష్టవ్వ సలహా ఇచ్చింది. సృజన వరద నొక్కగానే వరదతో కలిసి దిగిన ఫోటో ఒకటి పెట్టమని యాప్ అడిగింది. ఏప్రిల్ నెలలో గోదావరి ఇసుకలో పుచ్చకాయలు కాస్తున్నాయి. దాంతో "ఇతరములు" నొక్కి, కరెంటు మనిషి దగ్గర ధ్రువీకరణ తేవలసి వచ్చింది.

లైన్‌మన్ బాలమల్లు స్తంభం దిగి, చెమట తుడుచుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని కలం మూత తీశాడు.

"పోయిందని నేను రాయ పెద్దవ్వా. పోయిందంటే యాడికి వోయిందని నన్నే అడుగుతరు. జర ఆగిందని రాస్త."

ఆగిందని రాసిచ్చాడు. ఆగినది తనంతట తానే మొదలవుతుంది కనుక ఇది భంగం కిందికి రాదని సంస్థ ఆ కాగితం తిప్పి పంపింది.

రెండో ఒక్కపొద్దు పన్నెండు రోజుల తర్వాత కుదిరింది. కుదిరిన రోజునే పెద్దపల్లిలో బ్యాటరీ సంరక్షణ అవగాహన సదస్సుకు సృజన హాజరు కావాలని కబురు వచ్చింది. రాకుంటే ఒప్పందం రద్దు. పొద్దున్నే బ్యాటరీ నూరు నింపి, రెండు గంటలు కూర్చోబెట్టి, అది తొందరగా దిగేందుకు నాలుగు గంటల ఒగ్గు కథ ఒకటి పెట్టి, అయిదు అంకె ఎట్లా ఉంటుందో బొగ్గుతో గోడ మీద రాసి చూపించి, అది కనిపించినంక ఈ బొత్తాం ఒత్తి ఆపెయ్యి బాపమ్మా, అంతదాకా తీగ ముట్టకని మూడుసార్లు చెప్పి సృజన బస్సెక్కింది. (సదస్సులో ఉపన్యాసకుని ల్యాప్‌టాప్ బ్యాటరీ మొదటి అయిదు నిమిషాల్లోనే కన్ను మూసింది. మిగతా రెండు గంటలు అందరూ తెల్లగోడను చూశారు. గోడ శుభ్రంగా ఉన్నదని అభిప్రాయాల పుస్తకంలో చాలామంది రాశారు.)

ఇంటి దగ్గర కిష్టవ్వ కావలి కూర్చుంది. పక్కింటి పోశవ్వ కూడా చాట పట్టుకుని వచ్చింది, బీడీలు చుట్టినట్టూ ఉంటుంది, ఒగ్గు కథ విన్నట్టూ ఉంటుందని. పోశవ్వ పెనిమిటి పోయి ఏడాది దాటింది. ఆమె పింఛను దరఖాస్తు ఆ ల్యాప్‌టాప్‌లోనే మూడింట రెండు వంతులు నిండి ఉంది. అందుకే ఆమెకు అది అంటే కొంచెం భక్తి, దాని ముందు ఉమ్మెయ్యదు.

కథలో రాజు అడవి దారి పట్టేసరికి తెర మసకబారింది. రాణి ఏడుపు మొదలు పెట్టేసరికి మూలన ఎర్రని గుర్తు ఒకటి వచ్చింది. తర్వాత ల్యాప్‌టాప్ లోపలి గాలిమర ఒక్కసారి గురగురమని ఆగింది.

పోశవ్వ చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. "ఒదినె, గిది సోయి తప్పేటట్టున్నది."

కిష్టవ్వ గోడ మీది బొగ్గు అంకెను చూసింది, తెర మీది అంకెను చూసింది. అది ఇంకా తొమ్మిది. మనవరాలు చెప్పిన మాట ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. కానీ ఆమె బుర్రలో అంతకన్నా పాత మాటలు కూడా ఉన్నాయి, అవే చిక్కు. పెద్ద కొడుకు కడుపులో ఉండగా శివరాత్రికి ఒక్కపొద్దుంటానని పట్టుబట్టి, పగటిపూట బావి గిలక దగ్గర కళ్లు తిరిగి పడిన సంగతి గుర్తుకొచ్చింది. అప్పుడు అత్త చెంబెడు అంబలి నోట్లో పోసి అన్న మాటా గుర్తుకొచ్చింది. కడుపుతో ఉన్నదానికి, రోగమున్నదానికి, ముసలిదానికి ఒక్కపొద్దు లేదు, చేయించినవాళ్లకు పాపం. అరవై ఒకటి అన్నారు. అరవై దాటాక ఏ డాక్టరు ఉపాసం ఉండమంటాడు?

కిష్టవ్వ లేచి తీగ పెట్టింది. ఎర్రగుర్తు పోయి పచ్చగుర్తు వచ్చింది. తెర తెల్లగా నవ్వింది. ఇద్దరు ముసలమ్మలూ ఊపిరి పీల్చుకుని రాజు సంగతి ఏమైందో చూడడంలో పడ్డారు.

పొద్దు గుంకే వేళకు సృజన వచ్చేసరికి బ్యాటరీ డెబ్బై నాలుగు మీద హాయిగా ఉంది. పిల్ల చెప్పులైనా విడవకుండా గడప మీదే కూర్చుంది.

"ఇంకొక్కపారే ఉన్నది బాపమ్మా. గదీ పోతే నౌకరి పోతది."

"ముసల్దాన్ని ఎండగొట్టి నౌకరి చేస్తవా?" అని కిష్టవ్వ తగులుకోబోయింది. కానీ సృజన చూపు గోడకు ఆనించి ఉన్న చాట మీద ఉంది. మూలనున్న తంబాకు సంచిని, దారం ఉండను ఒక్కొక్కటే చూస్తోంది, కొత్త ఇంట్లో కాపురానికి వచ్చిన కోడలు సామాను చూసుకున్నట్టు. ఆ రాత్రి కిష్టవ్వ ముద్ద ముట్టకుండా కంచం పక్కకు జరిపింది. ఎవరి ఒక్కపొద్దో ఎవరికి తగిలిందో.

మూడో అవకాశం అధికారి సమక్షంలో జరగాలని నిబంధన. ఇరవై నాలుగో తేదీన సహాయ క్రమాంకన పరిశీలకుడు ఓంప్రకాశ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. వెంట ఒక జ్వరం కడ్డీ (బ్యాటరీకి), ఒక నిబంధనల పుస్తకం, ఒక మడత కుర్చీ. మనిషి చెడ్డవాడు కాదు. పదకొండేళ్ల కొలువులో ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఎవరి మాటా వినలేదు. కుర్చీ విప్పి ల్యాప్‌టాప్‌కు ఎదురుగా వేసుకుని, అది తొంభై తొమ్మిదికి దిగడాన్ని పుస్తకంలో రాసుకున్నాడు. తొంభై ఎనిమిదినీ రాసుకున్నాడు.

మధ్యాహ్నం కిష్టవ్వ సర్వపిండి కాల్చి, చాయ పెట్టి ముందుంచింది. ఓంప్రకాశ్ ఒక ముక్క తుంచి నోటి దాకా తీసుకుపోయాడు.

"సారూ, ఒక్కపొద్దున్నదాని ముందట తినద్దు. గా తలుపవతలికి జరుగుండ్రి," అన్నది కిష్టవ్వ.

ఓంప్రకాశ్ ముక్క కిందికి దించాడు. అది ఎన్నో నిబంధన అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు, నిబంధన అయితే పాటించడానికి ఆయనకు అభ్యంతరం లేదు. నిబంధన కాదు, పద్ధతి అని కిష్టవ్వ చెప్పింది. చెప్పడం మొదలు పెట్టాక ఇక ఆపలేదు. ఒక్కపొద్దు ఎవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు, తాను బావి దగ్గర ఎట్లా పడింది, అత్త ఏమన్నది, ఆ అత్త ఏ ఊరి ఆడపడుచు, ఆ ఊళ్లో ఏ ఏడు కలరా వచ్చింది అన్నీ చెప్పింది. సృజన నడుమ కల్పించుకోబోతే ఓంప్రకాశ్ చెయ్యెత్తి ఆపాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఆయన ఎవరి మాటో వింటున్నాడు. ఆయన వేళ్లు మాత్రం పుస్తకం పేజీలు తిప్పుతున్నాయి.

"ముసలోళ్లకు లేదన్నవు గద అవ్వా?"

"లేదు సారూ. చేపిస్తే పాపం."

పద్నాలుగో నిబంధన, ఉప నిబంధన "ఊ". ఆరేళ్లు దాటిన వయోవృద్ధ బ్యాటరీలకు క్రమాంకనం నుంచి మినహాయింపు. ఓంప్రకాశ్ దాన్ని రెండుసార్లు చదివాడు. పుస్తకంలో ఆ పేజీ ఎవరూ విప్పనందున అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఒకరికి ఏదైనా ఇప్పించే నిబంధన ఆయన కంట పడడం అదే మొదలు. గొంతు సవరించుకుని, బ్యాటరీ పుట్టిన తేదీ చూపించమన్నాడు.

తేదీ బ్యాటరీ అడుగున చీటీ మీద ఉండాలి. చీటీ ఉంది, తేదీ లేదు. దసరాకు కత్తి, పార, కుట్టు మిషన్‌తో పాటు ల్యాప్‌టాప్‌ను కూడా పీట మీద కూర్చోబెట్టి కిష్టవ్వ పసుపు రాసి బొట్లు పెడుతుంది. మూడు దసరాల పసుపు తడిగుడ్డతో తుడిచేసరికి కంపెనీ పేరు, పుట్టిన తేదీ, జాగ్రత్తలు అన్నీ పోయి, నున్నని పచ్చటి చీటీ మిగిలింది. సృజనకు ఆ క్షణాన భూమి చీలితే బాగుండనిపించింది. సంస్థ ఆస్తి మీది అక్షరాలు చెరిపితే ఏమవుతుందో శిక్షల పేజీలో ఉంది.

కిష్టవ్వకు అందులో చిక్కేమీ కనబడలేదు.

"నాకు రాసినట్టు రాయుండ్రి సారూ. ఆధారు రాసెటోళ్లు వచ్చినప్పుడు నాకు మాత్రం తేదీ ఎర్కనా? జనవరి ఒకటని రాసుకున్నరు. మా వాడకట్టుల ముసలోళ్లమందరం గా దినమే పుట్టినం. ఊరికి మంత్రసాని ఒక్కతే ఉండె. గంతమందికి ఎట్ల జేసిందో ఏమో."

ఓంప్రకాశ్ నవ్వలేదు, రాసుకున్నాడు. జనవరి ఒకటి. పూర్వ దృష్టాంతం ఉంది. మరి సంవత్సరం? కిష్టవ్వ ల్యాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుని, సంతలో ఎద్దు నోరు విప్పి చూసినట్టు మూత పూర్తిగా వెనక్కి వంచి చూసింది. మీటలు వేలితో తడిమింది. రెండు ఊడిపోయాయి, నాలుగింటి మీద రాత అరిగిపోయింది, ఒకటి కదులుతోంది. "రెండు పండ్లు ఊడినయ్, ఒకటి ఊగుతుంది. ఎనిమిదేండ్ల పైమాటే," అని తీర్పు చెప్పింది. ఓంప్రకాశ్ తనూ ఒకసారి ఆ కదిలే మీటను కదిపి చూసి, భౌతిక పరీక్షలో ఎనిమిదేళ్లుగా నిర్ధారణ అయినదని రాశాడు. సాక్షులుగా పోశవ్వ వేలిముద్ర వేసింది, బాలమల్లు స్తంభం దిగి వచ్చి సంతకం చేశాడు. తర్వాత ఓంప్రకాశ్ తీగ తన చేత్తోనే పెట్టి, సర్వపిండి మొత్తం తిని, మడత కుర్చీ మరిచిపోయి వెళ్లిపోయాడు.

ఇరవై ఎనిమిదిన పెద్దపల్లి నుంచి మండల క్రమాంకనాధికారి శ్యాంసుందర్ సంతకంతో రెండు పేజీల ఉత్తర్వు వచ్చింది. సృజన మొదటి పేజీ చదివింది. బ్యాటరీ వయోవృద్ధ హోదా మంజూరు. క్రమాంకనం మినహాయింపు. కుమారి సృజన ఒప్పందం పదకొండు నెలలు పొడిగింపు. కిష్టవ్వ అక్కడితో చదువు ఆపించి, పుట్నాలు బెల్లం కొంగులో పోసుకుని వాడకట్టంతా పంచి వచ్చింది. ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఓంప్రకాశ్ సారు బంగారం అని చెప్పింది. ఒకరింట్లో ఆయన కుర్చీ సంగతి కూడా చెప్పి, అడిగినా ఇవ్వనన్నది, గుర్తుగా ఉంచుకుంటుందట.

తిరిగి వచ్చేసరికి సృజన రెండో పేజీ చదివి ఉంది.

వయోవృద్ధ హోదా పొందిన బ్యాటరీ అదే రోజు నుంచి గౌరవంగా పదవీ విరమణ చేసినట్టు. విరమించిన బ్యాటరీ చేత పని చేయించడం నేరం. బ్యాటరీని ల్యాప్‌టాప్ నుంచి విడదీయడం ఆస్తికి నష్టం, కనుక ల్యాప్‌టాప్ కూడా దానికి తోడుగా విరమించవలెను. కుమారి సృజన ఇకపై విశ్రాంత బ్యాటరీ సంరక్షకురాలు. దాన్ని చల్లని చోట ఉంచడం, నలభైకి తగ్గకుండా ఎనభైకి మించకుండా చూడడం, నెలకోసారి క్షేమ నివేదిక పంపడం ఆమె విధులు. సమాచార సేవకురాలి పోస్టు ఖాళీ అయినప్పుడు ఊరికి కొత్త ల్యాప్‌టాప్ మంజూరు చేయబడును. సమాచార సేవకురాలు ఎక్కడికీ పోలేదు కనుక పోస్టు ఖాళీ కాలేదు.

"నౌకరి ఉన్నట్టేనా, పోయినట్టా?" కిష్టవ్వ అడిగింది.

"ఉన్నది బాపమ్మా. పనే లేదు."

సర్కారు కొలువంటే అదే కదా బిడ్డా అన్నది కిష్టవ్వ. మనసులో మాత్రం ఏదో మెదిలింది. ఏమిటో మర్నాడు పొద్దున పోశవ్వ తన కాగితాల ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చాక తెలిసింది.

ఆమె దరఖాస్తులో మిగిలిన మూడో వంతు ఆ ల్యాప్‌టాప్‌లోనే నింపాలి. విరమించినదాన్ని పనికి లేపడం నేరం. సృజన తెల్లకాగితం మీద దరఖాస్తు మొత్తం చేత్తో రాసి, పోశవ్వను బస్సెక్కించి తనే లక్సెట్టిపేట తీసుకుపోయింది. అక్కడి పింఛను ఆఫీసు కిటికీలోంచి కాగితం తీసుకోబోమని చెప్పారు, మీ ఊరి సమాచార సేవకురాలి ద్వారా కంప్యూటర్‌లో రావాలన్నారు. సేవకురాలిని నేనే అని సృజన అన్నది. వాళ్లు రిజిస్టరు చూసి, మీరు బ్యాటరీ సంరక్షకురాలని ఇక్కడ ఉంది, అన్నారు. పోశవ్వ కవరు మళ్లీ కొంగులో చుట్టుకుంది.

ఆ తర్వాత ఆమెకు అలవాటైపోయింది. పొద్దున్నే వస్తుంది. బ్యాటరీని చల్లని చోట ఉంచాలి కదా, ముందు గదిలో ఉత్తరపు గోడ పక్కన, కిటికీ గాలి తగిలే చోట పీట వేసి పెట్టారు. ఇంట్లోకెల్లా చల్లని చోటు అదే. పోశవ్వ కూడా అక్కడే గోడకు ఒరిగి కూర్చుంటుంది. ఒకనాడు దాని వైపే చూస్తూ అన్నది, కోపమేమీ లేకుండానే అన్నది.

"ఒదినె, నాకన్న దీనికే ముందుగాల పింఛను అయింది గద."

కిష్టవ్వ ఒళ్లోని చాట పక్కన పెట్టింది. లేచి పోయి చాయ తెచ్చింది.

మే నెలాఖరున సృజన ఫోనులో మొదటి క్షేమ నివేదిక నింపింది. బ్యాటరీ క్షేమం. అరవై రెండు శాతం. జ్వరం లేదు. పోశవ్వ సంగతి కూడా రాయమని కిష్టవ్వ పట్టుబట్టింది, గింత పెద్ద సంస్థ, ఎవరో ఒకరు చదువుతరు గద అన్నది. సృజన పట్టికను పైకీ కిందికీ వెతికింది. మనిషి గురించి రాసే గడి ఎక్కడా కనబడలేదు. చివరికి "పరిసరాలు" అన్న గడిలో, బ్యాటరీ పక్కన పింఛను కోసం ఒక వృద్ధ వితంతువు నెల రోజులుగా కూర్చుని ఉన్నది, అని రాసింది.

మామూలుగా జవాబుకు నెల తీసుకునే సంస్థ ఈసారి రెండు రోజుల్లోనే స్పందించింది. మనిషి ఒంటి వేడి బ్యాటరీకి మంచిది కాదు కనుక, సదరు వృద్ధురాలిని మూడడుగుల దూరం జరపవలెను.